సింగపూర్‌లో ఒక్క రోజు: 24 మంది పిల్లలతో నగరం చూసి రావడానికి సమగ్ర మార్గదర్శి

పిల్లలను విదేశానికి తీసుకెళ్దామని పాఠశాలలో మాట రాగానే ముందుగా తయారయ్యేది చూడవలసిన చోట్ల జాబితా. అది ఎంత పొడవుంటే తల్లిదండ్రులకు అంత తృప్తిగా ఉంటుంది. నేను హనుమకొండలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. 7, 8, 9 తరగతుల పిల్లలను రెండు పర్యాయాలు సింగపూర్ తీసుకెళ్లాను. మొదటిసారి ఒక్క రోజులో తొమ్మిది చోట్లు చూపించాము. ఇంటికి వచ్చాక ఏమి చూశారో రాయమంటే, సగం మందికి పైగా బస్సులో నిద్రపోయిన సంగతీ, మరుగుదొడ్ల దగ్గర వరుసలో నిలబడిన సంగతీ రాశారు. రెండోసారి మూడే చోట్లు పెట్టుకున్నాము. పిల్లలు రాసినది చదవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. అందువల్ల ఈ మార్గదర్శి అంతటా నేను పట్టుబట్టేది ఒక్కటే: చోట్లు తగ్గించండి, అన్నిటినీ ఒకే రైలు మార్గం మీద పెట్టుకోండి, ప్రతి తలుపు దగ్గరా పిల్లలను లెక్కపెట్టండి.

కాగితాల పని

దీనిని నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి. మైనర్ల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి అవసరం, దానికి అనెక్షర్-డి అనే పత్రం ఉంటుంది. ఉత్తర తెలంగాణలో ఇక్కడే పని ఆగిపోతుంది, ఎందుకంటే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు కుటుంబాల్లో తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండడం మామూలు. అలాంటి తండ్రి అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన ప్రమాణపత్రం పంపవలసి ఉంటుంది, ఆయనకు సెలవు దొరికి ఆ కార్యాలయానికి వెళ్లి రావడానికే వారాలు గడుస్తాయి. కాబట్టి ఏ పిల్లల తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారో మొదటి సమావేశంలోనే అడిగి తెలుసుకోండి. సింగపూర్‌కు మన వారికి వీసా కావాలి; దానితోపాటు, అక్కడ దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆగమన కార్డును ఆన్‌లైన్‌లో ప్రతి పిల్లవాడి పేరిటా విడిగా నింపాలి.

ఇంటి నుండి తెచ్చే తినుబండారాల విషయం తల్లులకు నేరుగా చెప్పాలి. సకినాలు, సర్వపిండి, అటుకుల చుడువ హాయిగా తెచ్చుకోవచ్చు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తేకూడదు; మన దేశం నుండి మాంసంతో చేసినవి ఆ దేశంలోకి అనుమతించరు. గసగసాలు, చూయింగ్ గమ్ కూడా సంచుల్లో ఉండకూడదు. గుట్కా గురించి వెంట వచ్చే పెద్దలకు చెప్పాలి, మొహమాటపడకుండా చెప్పాలి.

ఉప్పల్‌లో సాధన

చాలామంది వదిలేసేది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ మెట్టే. సింగపూర్ మెట్రోలో పిల్లలు మొదటిసారి ఎస్కలేటర్ ఎక్కకూడదు. ప్రయాణానికి మూడు వారాల ముందు ఒక ఆదివారం అందరినీ వరంగల్ నుండి బస్సులో ఉప్పల్ తీసుకెళ్లి, అక్కడ హైదరాబాద్ మెట్రో ఎక్కించి, అమీర్‌పేటలో రైలు మారి, తిరిగి ఉప్పల్ రండి. కార్డు తాకించి గేటు దాటడం, ఎస్కలేటర్ మీద ఒక పక్కకు నిలబడడం, దిగేవారికి దారి ఇచ్చి ఎక్కడం, ఈ మూడూ ఆ ఒక్క రోజులో చేతికి వస్తాయి.

మా సాధనలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు ఎస్కలేటర్ ముందు ఆగిపోయింది. కదులుతున్న మెట్టు మీద పాదం పెట్టబోయి వెనక్కి తీసుకుంది, మళ్లీ పెట్టబోయింది, ఆమె వెనుక అప్పటికే ఇరవై మంది నిలిచిపోయారు. మా మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుని, “కింద చూడకు బిడ్డా, ఆ పైన గడియారం చూడు” అన్నారు. ఆమె పైకి చూస్తూ కాలు వేసింది. ఆ మధ్యాహ్నం ఆమెను అదే ఎస్కలేటర్ మీద ఐదుసార్లు ఎక్కించాము. ఆ ఐదుసార్లకు ఉప్పల్‌లో దొరికిన తీరిక, ఆఫీసులకు పరుగెత్తే జనం మధ్య సింగపూర్‌లో దొరకదు. చున్నీని నడుముకు కట్టుకోవాలనీ, బూట్ల తాళ్లు బిగించుకోవాలనీ కూడా ఆ రోజే నేర్పాలి.

రైలు తలుపు మూసుకున్నప్పుడు ఎవరైనా మిగిలిపోతే ఏమి చేయాలో కూడా అక్కడే చేసి చూపించాలి. నియమం రెండు వాక్యాలే. ప్లాట్‌ఫామ్ మీద మిగిలిపోయినవాడు అక్కడే నిలబడాలి, సార్ తిరిగి వస్తారు. ఒంటరిగా రైలులో వెళ్లిపోయినవాడు వెంటనే వచ్చే స్టేషన్‌లో దిగి, దిగిన తలుపు దగ్గరే నిలబడాలి. పిల్లవాడు తెలివితేటలు చూపించి మనల్ని వెతుక్కుంటూ బయలుదేరితేనే ఇబ్బంది మొదలవుతుంది. ఇద్దరు ఒకరినొకరు వెతుక్కుంటూ తిరిగితే కలుసుకోవడం కష్టం.

జట్లు, నంబర్లు, మెడలో కార్డు

24 మంది పిల్లలు, నలుగురు పెద్దలు. ఎనిమిదేసి మందితో మూడు జట్లు చేసి ఒక్కొక్క జట్టుకు ఒక పెద్ద ఉండాలి, నాలుగో వ్యక్తి ఏ జట్టుకూ చెందకుండా అందరికన్నా వెనుక నడవాలి. ఎవరికైనా కడుపునొప్పి వచ్చినా, పడి దెబ్బ తగిలినా ఆ నాలుగో వ్యక్తే ఆగుతారు, మిగిలిన జట్లు ఆగనవసరం లేదు. పెద్దల్లో కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి. వారి సంచిలో శానిటరీ ప్యాడ్లు, ఒక జత అదనపు దుస్తులు ఉంటాయని ఆడపిల్లలందరికీ ముందే తెలియాలి.

మా జట్లకు పాకాల, లక్నవరం, రామప్ప అని కాకతీయుల చెరువుల పేర్లు పెట్టాము. ఊరికే పెట్టిన పేర్లు కావవి. సాయంత్రం వాటితో పని పడుతుంది.

పేర్లు పిలిచి హాజరు తీసుకోవడానికి వీధిలో సమయం చాలదు. ప్రతి పిల్లవాడికీ 1 నుండి 24 వరకు ఒక నంబరు ఇచ్చి, టీచర్ చెయ్యి ఎత్తగానే వరుసగా ఎవరి నంబరు వారు గట్టిగా చెప్పేలా అలవాటు చేయాలి. బాగా అలవాటైన జట్లకు అర నిమిషం చాలు. పక్కవాడి నంబరు మరొకడు చెప్పకూడదనేది కఠినమైన నియమం. ఒకసారి స్టేషన్ గేటు దగ్గర 13 తరువాత ఏ గొంతూ వినిపించలేదు. 15వ నంబరు పిల్ల నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. ఆ మౌనమే మాకు వాడు లేడని చెప్పింది. 14వ నంబరు పిల్లవాడు బూటు తాడు కట్టుకుంటూ ప్లాట్‌ఫామ్ మీద ఉండిపోయాడు. మేము వెళ్లేసరికి, రెండో బూటు తాడు ఊడి ఉండగానే, నిలబడిన చోటే నిలబడి ఉన్నాడు.

మెడలో వేలాడే కార్డు మీద బయటి వైపు నంబరు, పాఠశాల పేరు మాత్రమే ఉండాలి. పిల్లల పేరు బయటికి కనపడకూడదు, పేరు పెట్టి పిలిచిన కొత్తవారిని పిల్లలు సులభంగా నమ్ముతారు. లోపలి వైపు హోటల్ పేరు, ఇద్దరు టీచర్ల స్థానిక ఫోన్ నంబర్లు, అత్యవసర నంబర్లు రాయాలి. సింగపూర్‌లో పోలీసులకు 999, అంబులెన్సుకూ అగ్నిమాపకానికీ 995. పాస్‌పోర్టులు పిల్లల దగ్గర కాకుండా హోటల్ లాకర్‌లో ఉండాలి, వాటి నకళ్లు నాలుగో వ్యక్తి సంచిలో ఉండాలి.

ఒకే రైలు మార్గం

సింగపూర్ మెట్రోలో డౌన్‌టౌన్ మార్గం అనేది నీలం రంగు గీత. దాని మీద బొటానిక్ గార్డెన్స్, స్టీవెన్స్, న్యూటన్, లిటిల్ ఇండియా, రోచోర్, బూగిస్, ప్రామెనేడ్, బేఫ్రంట్ స్టేషన్లు ఇదే వరుసలో వస్తాయి. మనకు కావలసిన మూడు చోట్లూ, అంటే బొటానిక్ గార్డెన్స్, లిటిల్ ఇండియా, బేఫ్రంట్ దగ్గరి మెరీనా బే ప్రాంతం, ఈ ఎనిమిది స్టేషన్ల లోపలే ఉన్నాయి. ఎక్కడా రైలు మారే పని లేదు. హోటల్‌ను కూడా లిటిల్ ఇండియా, రోచోర్, బూగిస్ స్టేషన్లలో ఏదో ఒకదానికి నడక దూరంలో తీసుకుంటే రోజంతా పిల్లలు ఒకే గీత మీద తిరుగుతారు, మధ్యాహ్నానికల్లా స్టేషన్ల పేర్లు వారికే నోటికి వస్తాయి.

అద్దె బస్సు సుఖమని చాలామంది అంటారు. ఎండలో బస్సు కోసం ఎదురుచూడడం, బస్సు ఆగే చోటుకు అందరినీ తిరిగి పోగుచేయడం రెండూ చేసి చూశాను కాబట్టి నేను రైలు వైపే మొగ్గుతాను. అయితే రెండు జాగ్రత్తలు తప్పవు. ఈ మార్గంలో రైళ్లకు డ్రైవరు ఉండడు. చెయ్యి ఊపితే చూసి ఆగేవారు ఎవరూ లేరు, సమయం కాగానే తలుపు మూసుకుంటుంది. రైలుకు మూడు పెట్టెలే ఉంటాయి గనుక పెట్టెకు ఒక జట్టు చొప్పున ఎక్కితే సరిగ్గా సరిపోతుంది. రెండోది నీళ్ల సంగతి. రైలులోనూ, గేటు లోపలా తినడం, తాగడం నిషిద్ధం, మంచినీళ్లు కూడా తాగకూడదు, 500 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు. మన పిల్లలకు సీసా మూత తీయడం అసంకల్పితంగా జరిగిపోయే పని. అందుకని గేటు బయటే అందరితో నీళ్లు తాగించి, సీసా సంచిలో అడుగున పెట్టించి, ఆ తరువాతే కార్డు తాకించాలి. ఖాళీ అయిన సీసాలను కుళాయి నీళ్లతో నింపుకోవచ్చు, అక్కడ కుళాయి నీళ్లు తాగడానికి పనికివస్తాయి.

ఒకరి కార్డుతో ఒకరే ప్రయాణించాలి. టీచర్ తన బ్యాంకు కార్డును 24 సార్లు తాకించి అందరినీ లోపలికి పంపడం కుదరదు. ప్రయాణ కార్డులు ముందు రోజు సాయంత్రమే కొని, మెడలోని కార్డు వెనుక పెట్టించండి.

పిల్లల ఒంట్లోని గడియారం

సింగపూర్ మన కన్నా రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. అక్కడ ఉదయం 7 గంటలంటే పిల్లల ఒంటికి తెల్లవారుజామున 4:30. ఆ వేళ లేపి అల్పాహారం పెడితే సగం మంది తినరు, తిన్నవారికి వికారంగా ఉంటుంది. అదే రాత్రి 8 గంటలంటే వారికి సాయంత్రం 5:30, బడి వదిలి ఆడుకునే వేళ. ఈ లెక్క తెలిస్తే రోజు ప్రణాళిక దానంతట అదే కుదురుతుంది. పొద్దున ఆలస్యంగా బయలుదేరి రాత్రి ఆలస్యంగా తిరిగి రావాలి. 8 గంటలకు లేపి, 9:30కు బయలుదేరితే ఉదయపు ఆఫీసు రద్దీ కూడా తగ్గి ఉంటుంది. మధ్యాహ్న భోజనాన్ని 12కు కాకుండా 1:30కు పెట్టుకోవాలి.

ఉదయం: చెట్ల మధ్య

1859లో మొదలైన బొటానిక్ గార్డెన్స్‌కు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మన రామప్ప గుడికి అది వచ్చింది 2021లో. గుడికి ఇచ్చినట్లే తోటకూ ఇస్తారా అని పిల్లలు తప్పక అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు అక్కడి రబ్బరు చెట్టులో ఉంది. 1877లో రబ్బరు మొక్కలు ఈ తోటకు చేరాయి. తరువాత 1888లో తోట బాధ్యతలు చేపట్టిన హెన్రీ రిడ్లీ, చెట్టును చంపకుండా బెరడు మీద వాలుగా గీతలు గీసి పాలు తీసే పద్ధతిని అభివృద్ధి చేశాడు. మలయా ప్రాంతమంతటా రబ్బరు తోటలు పెరగడానికి దారి వేసింది ఆ పనే. తాటిచెట్టు ఎక్కి గెలను గీసి లొట్టి కట్టే గీత కార్మికుడిని చూసిన మన పిల్లలకు దీనిని వివరించనవసరం లేదు. చెట్టుకు గాయం ఎంత లోతుండాలి, ఎంత దాటితే చెట్టు చచ్చిపోతుంది అనేది గీసే చేతికి తెలియాలని ఒక గౌడుల పిల్లవాడు మిగిలినవారికి చెప్తుంటే నేను పక్కకు తప్పుకున్నాను.

తోటలోకి ప్రవేశం ఉచితం. ఆర్కిడ్ తోటకు మాత్రం టికెట్ ఉంటుంది, స్టేషన్ దగ్గరి గేటు నుండి అక్కడికి కిలోమీటరుకు పైగా నడవాలి. చిన్న తరగతుల పిల్లలుంటే దానిని వదిలేసి, స్టేషన్ వైపు ఉన్న సరస్సు చుట్టూ తిప్పి తీసుకురావడం మేలు. పదిహేను నిమిషాలు ఎక్కడైనా కూర్చోబెట్టి ఒక్క ఆకు బొమ్మ గీయించండి.

లిటిల్ ఇండియా

బొటానిక్ గార్డెన్స్ నుండి మూడో స్టేషన్. సెరంగూన్ రోడ్డు మీది వీరమాకాళి అమ్మవారి గుడికి 11:45 లోపు చేరుకోవాలి, ఎందుకంటే మన గుళ్లలాగే మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. భద్రకాళి చెరువు గట్టున పెరిగిన పిల్లలకు కాళికను పరిచయం చేయవలసిన అవసరం లేదు. ఇంత దూరం వచ్చి పనిచేసిన కూలీలు, వ్యాపారులు ఆమెను ఎందుకు వెంట తెచ్చుకున్నారని అడగండి. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులు పడుతుంటే జనం ఈ గుడిలో తలదాచుకున్నారని చెప్పండి. చెప్పులను జట్టుకు ఒక సంచిలో వేయించాలి, లేకపోతే 28 జతల మధ్య వెతుకులాటకే పావుగంట పోతుంది.

సింగపూర్ అధికార భాషల్లో తమిళం ఒకటి కాబట్టి సూచనల బోర్డుల మీద తమిళ లిపి కనిపిస్తుంది. చదవలేకపోయినా, ఎవరైనా గట్టిగా చదివితే ఏ మాటలు మనకు అర్థమవుతున్నాయో రాసుకోమనడం మంచి పని.

భోజనానికి ఒక శాకాహార హోటల్‌లో ముందే 28 మందికి చెప్పి ఉంచండి. టెక్కా సెంటర్ అనే బజారులోని తిండి అంగళ్లను తప్పక చూపించాలి, ఇలాంటి అంగళ్ల చుట్టూ పెరిగిన సింగపూర్ హాకర్ సంస్కృతిని యునెస్కో 2020లో తన జాబితాలో చేర్చింది. అయితే అక్కడ అంతమందికి ఒకేసారి బల్లలు దొరకవు. శాకాహారులైన పిల్లలకు ఒక మాట చెప్పాలి: కూరగాయల వంటకంలా కనిపించినదానిలోనూ ఎండురొయ్యల ముద్ద ఉండవచ్చు, అడగకుండా తినకూడదు. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ కాగితాల పొట్లం కనిపిస్తే, ఎవరో తమ చోటును అట్టిపెట్టుకుని వెళ్లారని అర్థం, దానిని తీయకూడదు. తిన్న పళ్లేలను తిరిగి ఇచ్చే చోట పెట్టడం తప్పనిసరి.

షాపింగ్ ఈ రోజు వద్దు. ఒక్క పెద్ద దుకాణంలోకి వెళ్తే మూడు జట్లు ముప్పై ముక్కలవుతాయి. దానికి మరో రోజు రెండు గంటలు కేటాయించండి.

మధ్యాహ్నం: వాన వచ్చినా ఆగని పని

సింగపూర్ భూమధ్యరేఖకు సుమారు ఒక్క డిగ్రీ దూరంలోనే ఉంది. మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరుములతో కురవడం ఏడాది పొడవునా మామూలే. కనుక 2:30 నుండి 5 వరకు పిల్లలు ఒక పైకప్పు కింద ఉండాలి. లిటిల్ ఇండియా నుండి నాలుగో స్టేషన్ బేఫ్రంట్. అక్కడి నుండి గార్డెన్స్ బై ది బేకు భూగర్భ దారి ఉంది. 2012లో తెరిచిన ఈ తోటలో చల్లని గాజు మందిరాలు రెండు, వాటిలో క్లౌడ్ ఫారెస్ట్ లోపల చెట్లు, నాచు కప్పిన 35 మీటర్ల ఎత్తైన కృత్రిమ కొండ, దాని మీది నుండి దూకే జలపాతం ఉంటాయి. టికెట్లను ముందే కొనాలి, అప్పుడప్పుడు మరమ్మతుల కోసం మూస్తారు గనుక తేదీ ఖరారు చేసే ముందు చూసుకోవాలి. ఎత్తు నడక దారిలో భయపడే పిల్లలను బలవంతపెట్టకుండా, నాలుగో వ్యక్తితో కింద ఉండనివ్వండి.

సాయంత్రం: ఆ నీళ్లు సముద్రం కావు

5 గంటలకు బయటికి వచ్చి, సకినాలు పంచి, మెరీనా బే ఒడ్డున కూర్చోబెట్టండి. నీళ్ల అవతల 8.6 మీటర్ల ఎత్తున సింహం తల, చేప ఒళ్లు ఉన్న తెల్లని మెర్‌లయన్ విగ్రహం నోటి నుండి నీరు చిమ్ముతూ కనిపిస్తుంది, 1972 నాటిది. దాని దగ్గరికే వెళ్లి ఫొటో దిగాలని పిల్లలు పట్టుబడతారు. అప్పటికే అలసిన కాళ్లతో ఖాతం చుట్టూ నడిపించడం కన్నా ఇక్కడి నుండే చూపించి, ఈ ఒడ్డున మాట్లాడడం మేలని నా అభిప్రాయం.

ముందున్న నీళ్లను చూపించి, ఇది ఏమిటని అడగండి. అందరూ సముద్రమంటారు. ఒకప్పుడు సముద్రమే. 2008లో మెరీనా బ్యారేజీ కట్టి సముద్రాన్ని అవతల ఆపారు. ఇవతల చేరేది నగరం మీద కురిసిన వాన నీరు. ఎత్తైన భవనాల నడుమ కనిపిస్తున్న ఈ జలాశయం ఆ నగరపు తాగునీటి వనరుల్లో ఒకటి. నదులు తక్కువైన దేశం తన వీధుల మీది వానను కూడా వదులుకోలేదు. ఇప్పుడు జట్ల పేర్లు గుర్తుచేయండి. కొండల నడుమ వాగుకు అడ్డంగా కట్ట కట్టి, వాన నీరు ఆపి, కాలువల్లోకి వదిలిన పాకాల, లక్నవరం, రామప్ప ఎనిమిది వందల ఏళ్ల కిందటివి. తూము, మత్తడి (చెరువు నిండితే నీరు పొర్లే చోటు), కట్ట అనే మాటలను నేల మీద సుద్దముక్కతో గీయకుండా, నోటుపుస్తకంలోనే రాయించి, ఎదురుగా ఉన్నదానిలో ఏది దేనికి సమానమో గుర్తించమనండి. మా పిల్లలు ఇక్కడ నలభై నిమిషాలు కూర్చున్నారు, లేవమంటే లేవలేదు.

దీపాలు, తిరుగు ప్రయాణం

7 గంటల ప్రాంతంలో చీకటి పడుతుంది. గార్డెన్స్ బై ది బేలోనే, చెట్ల ఆకారంలో 25 నుండి 50 మీటర్ల ఎత్తుండే లోహపు సూపర్‌ట్రీల కింద 7:45కు దీపాల సంగీత ప్రదర్శన ఉంటుంది, దీనికి టికెట్ లేదు. 7:15కే చేరుకుని జట్లను నేల మీద కూర్చోబెట్టాలి. పడుకుని చూస్తే ఇంకా బాగుంటుంది. చీకట్లో మెడలోని కార్డు కనపడదు, కాబట్టి మొదలయ్యే ముందు ఒకసారి, ముగిసిన వెంటనే లేవకముందే ఒకసారి నంబర్లు చెప్పించాలి. జనమంతా ఒక్కసారి స్టేషన్ వైపు కదులుతారు. వారిని పోనిచ్చి ఇరవై నిమిషాల తరువాత బయలుదేరండి.

తల్లిదండ్రులకు రోజుకు మూడే సందేశాలు పంపండి, వేళలు ముందే చెప్పండి. మూడోది హోటల్ చేరాక పంపేది, అప్పటికి వరంగల్‌లో సాయంత్రం 7 దాటుతుంది. చివరి లెక్క హోటల్ ముంగిట్లో కాదు, గదుల తలుపుల దగ్గర జరగాలి. ఒక్కొక్క గదిలోకి వెళ్లి నంబర్లు విని, పాదాలకు బొబ్బలు లేచాయేమో చూసి, ప్రయాణ కార్డులు వెనక్కి తీసుకుని, 24 కార్డులూ లెక్కపెట్టి సంచిలో వేసుకున్నాకే మూడో సందేశం పంపండి.